రేపటి ఐసును ఇవాళ తీయించిన పాపానికి

సినిమాలు తీసేవాళ్ళు అవార్డుల కోసం ఊళ్ళు తిరుగుతారు. నేను ఒక మనిషి ఉద్యోగం నిలబెట్టడానికి తిరిగాను. కనీసం బయల్దేరేటప్పుడు అలాగే అనుకున్నాను. తిరిగొచ్చి పది రోజులైంది. మా వీధి కారు డ్రైవరు ఖాదర్ నేను ఎదురుపడితే చాలు, ఇప్పటికీ మొహం పక్కకు తిప్పుకుని నవ్వుతున్నాడు.

నా సంగతి కొంచెం చెప్పాలి. తెనాలిలో ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేసి, ఇక చాలనుకుని ముందే బయటికొచ్చాను. అందరూ తీర్థయాత్రలకు పొమ్మన్నారు. నేను కెమెరా కొన్నాను. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు, వాళ్ళ ఉద్యోగాలు అన్న విషయం మీద లఘుచిత్రాలు తీసే నలుగురైదుగురితో స్నేహం కుదిరింది. వాళ్ళని చూసి నేనూ ఒకటి తీశాను. నెల్లూరుకి దక్షిణాన వాకాడు దాటి సముద్రం వైపు వెళితే ఒక చిన్న ఐసు ఫ్యాక్టరీ ఉంది, పడవలకు ఐసు ఇచ్చేది. అందులో పనిచేసే పెంచలయ్య మీద పది నిమిషాల సినిమా. అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు. ఎవరి మొహంలోకీ చూడడు, మాట బాగా తక్కువ, మిషను చప్పుడుకి చెవుల మీదుగా తువ్వాలు చుట్టుకుంటాడు. సినిమా పేరులో 'కల' అనే మాట ఉంది. మిగతాది చెప్పను, ఇప్పుడు సిగ్గేస్తోంది. హైదరాబాదులో వేసినప్పుడు చప్పట్లు మాత్రం బాగానే కొట్టారు.

ఒకరోజు పెంచలయ్య అక్క రమణమ్మ ఫోన్ చేసింది. "అక్కా, ఫ్యాక్టరీని కొత్తాయన కొన్నాడు. మా తమ్ముణ్ణి వద్దంటా ఉండాడు. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడంట, వరసా వరసా అంటాడంట. ఈ నెలాఖరుకి మాన్పిస్తానని చెప్పినాడు. నువ్వు తీసిన సినిమా తెచ్చి ఆయనకి చూపియ్యక్కా. దాన్ని చూస్తే మావాడు ఎంత బాగా చేస్తాడో ఆయనకే తెలస్తాది."

సినిమా పూర్తయ్యాక వాళ్ళకు లింకు పంపాను. వాళ్ళ ఫోన్లో తెరుచుకోలేదు. తెరుచుకోలేదని రమణమ్మ చెప్పింది కూడా. చప్పట్ల హడావుడిలో ఆ మాట నేను మర్చిపోయాను. ఇప్పుడు ఫోన్ రాగానే మాత్రం నా సినిమాకు ఇంత శక్తి ఉందా అని పొంగిపోయి, దారిలో రెండు చోట్ల నా స్నేహితులు తీసిన సినిమాలు కూడా చూపిద్దామని ప్రొజెక్టరు, తెల్ల దుప్పటి, పుస్తకమంత స్పీకరు సర్దుకుని ఖాదర్ కారులో బయల్దేరాను.

నెల్లూరు

నెల్లూరు చేరేసరికి టిఫిన్ల వేళ. పులిబొంగరాలు తినకుండా ఈ ఊరు దాటకండి. పులిసిన పిండిని గుంటల పెనంలో పోసి కాలుస్తారు, పైన కరకర, లోపల మెత్తన. నేను వాటితో సరిపెట్టుకున్నాను. ఖాదర్ కారం దోశ చెప్పాడు. "కొంచెం కారంగా ఉంటాదన్నా" అని సప్లయరు హెచ్చరిస్తే, "మాది గుంటూరు జిల్లా బాబూ, మాకే చెబుతున్నావా?" అని మీసం దువ్వాడు.

రెండో ముక్కకు కళ్ళ నీళ్ళు. మూడో ముక్కకు ముక్కు కూడా. పరువు కోసం దోశ మొత్తం తిన్నాడు. సప్లయరు అడక్కుండానే రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చిపెట్టి, "గుంటూరోళ్ళు వస్తే ముందే కలిపి పెట్టుకుంటామన్నా" అన్నాడు. మజ్జిగకు డబ్బులు తీసుకోలేదు. ఆ జాలికి ఖాదర్ మరీ కుంగిపోయి ముత్తుకూరు దాకా నోరెత్తలేదు.

ముత్తుకూరు

ఇక్కడ ఎవర్ని కదిపినా పోర్టులోనో, కరెంటు ఫ్యాక్టరీలోనో కాంట్రాక్టు పని. డ్వాక్రా మహిళల హాలు దొరికింది. కిటికీలు మూసి, దుప్పటి కట్టి, సాయంత్రం షిఫ్టు దిగినవాళ్ళకు మొదటి సినిమా వేశాను.

ఈ రకం సినిమాలు మీరు చూడకపోతే చెబుతాను, ఒకటి చూస్తే పది చూసినట్టే. మొదట హీరో కిటికీ పక్కన కూర్చుని పెన్సిళ్ళు వరుసగా పేరుస్తుంటాడు. ఆఫీసులో అందరూ నవ్వుతారు. ఒకరోజు కంప్యూటర్లన్నీ ఆగిపోతాయి. అప్పుడు మనవాడు ఒక్కసారి తెర వైపు చూసి తప్పెక్కడో చెప్పేస్తాడు. బాసు కళ్ళజోడు తీస్తాడు. వయొలిన్ మొదలవుతుంది. అపాయింట్‌మెంటు ఆర్డరు చేతికి రాగానే సినిమా అయిపోతుంది. నేను వేసిందీ అదే.

లైట్లు వేశాక నేను చప్పట్ల కోసం ఆగాను. పోర్టులో ఊడ్చే పనిచేసే ఒకామె చెయ్యెత్తింది. "అమ్మా, ఉద్యోగం వచ్చింది సరే. మరసటి దినం పనికి పోయినాడా?"

"పోయే ఉంటాడమ్మా" అన్నాను.

"పోతే ఏమైంది? షిఫ్టు మారస్తే ఏం చేసినాడు? అన్నం తినేకాడ పక్కన ఎవురు కూర్చున్నారు? అసలు కత ఆడ గదా ఉండేది. మీరు దాన్ని ముందరే ఆపేసినారే."

వెనక నుంచి ఇంకొకాయన అందుకున్నాడు. "నాదీ ఒక మాట మేడం. మా అన్న కొడుకూ ఇట్టాంటోడే. వాడికి కంప్యూటరు రాదు, లెక్కలు అంతకన్నా రావు. మూటలకి చీటీలు మాత్తరం బాగా అంటిస్తాడు. అద్బుతాలు చెయ్యకపోతే ఉద్యోగం ఇయ్యరా?"

ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటరులో నేర్చుకున్న నవ్వొకటి నవ్వి ప్రొజెక్టరు సర్దుకున్నాను. కారెక్కాక ఖాదర్ నోరు తెరిచాడు. "మేడం, మీ సినిమా కూడా ఆర్డరు దగ్గరే ఆగిద్దా?"

"నా సినిమా వేరు" అన్నాను. అన్నానే గానీ ఆ రాత్రి లాడ్జిలో సరిగా నిద్రపట్టలేదు.

చిట్టమూరు

చిట్టమూరులో మాకు తెలిసినవాళ్ళ వడ్ల గోడౌనులో రెండో ఆట. చుట్టూ నాట్లు పడిన మళ్ళు. కింద గోనెసంచులు పరుచుకుని రైతులు కూర్చున్నారు. ఈసారి సినిమా ఒక బేకరీలో పనిచేసే అమ్మాయిది. ఇందులో వయొలిన్ మొదటి నిమిషంలోనే మొదలవుతుంది.

మొదలైంది, కానీ మరుక్షణం ఆగింది. నా బ్లూటూత్ స్పీకరు ఎలా కలిసిందో ఏమో, బయట ట్రాక్టరు మీద కూర్చున్న ఒకాయన ఫోనుతో కలిసింది. తెర మీద అమ్మాయి కన్నీళ్ళతో పిండి పిసుకుతుంటే స్పీకరులోంచి, "ఒరే, యూరియా వచ్చిందంట, బిన్నా రా, అయిపోతాది!" అని ఎవరిదో గొంతు. గోడౌనంతా గొల్లుమంది. ముందు వరుసలో ఇద్దరు నిజంగానే లేచి యూరియాకు పోయారు. నేను స్పీకరు పీకి పారేశాను. మిగతా సినిమా మూగగా నడిచింది.

తమాషా ఏమిటంటే, అప్పుడే అందరూ ముందుకు వంగి చూడటం మొదలుపెట్టారు. అయిపోయాక ఒక పెద్దాయన అన్నాడు. "ఇది బాగుందమ్మా. ముందు ఆ పీపీ వాయించినప్పుడు 'ఇంక ఏడవండి' అని చెప్తున్నట్టుండె. అది పోయినాక ఆ పిల్ల చేతులు చూసినాము. పని చానా శుబ్రం." నేను నోటుబుక్కులో ఏమీ రాసుకోలేదు. కొన్ని మాటలు రాసుకోకపోయినా వెంటబడతాయి.

భోజనం ఆ ఇంట్లోనే. వంటింట్లోంచి చేపల పులుసు వాసన, పైన మామిడికాయ ముక్కల వాసన. కంచంలోకి మాత్రం పప్పూ, వేపుడూ వచ్చాయి. సిగ్గు విడిచి అడిగాను. ఇంటావిడ నన్ను చంటిపిల్లను చూసినట్టు చూసింది. "ఇయ్యాల కాసిన పులుసు ఇయ్యాల ఎట్ట తింటారక్కా? ముక్కకి పులుపు పట్టొద్దా? అది రేపటికి." మా తెనాలి ఇళ్ళల్లో నిన్నటి కూర పెడితే అలుగుతారు. ఇక్కడ ఇవాళ్టిది పెట్టమంటే నవ్వుతారు. ఆ పులుసు వాసనతోనే పప్పన్నం తిని, పొద్దున్నే బయల్దేరాను. పులుసు వాళ్ళే తినుంటారు.

ఐసు ఫ్యాక్టరీ

వాకాడు దాటాక గాలి మారుతుంది. ఉప్పు, ఎండుచేప, డీజిలు కలిసిన వాసన. ఫ్యాక్టరీ దగ్గరికొస్తే దానికి ముక్కు మండించే అమ్మోనియా తోడు. రమణమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది, తమ్ముడికీ ఇస్త్రీ చొక్కా వేయించింది. చొక్కా మెడ దగ్గర గుచ్చుకుంటోందేమో, అతను కాలరు లాక్కుంటూ ఉన్నాడు.

లోపలి పని ఎలా ఉంటుందో చెబితే గానీ తర్వాతి సంగతి అర్థం కాదు. పెద్ద ఉప్పునీళ్ళ తొట్టిలో ఇనుప డబ్బాలు వరుసగా దిగేసి ఉంటాయి, ఒక్కోదానిలో మంచినీళ్ళు. ఒక్కో డబ్బా గడ్డకట్టడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. పైన చెక్క మూతలు. వాటి మీద పెంచలయ్య సుద్దతో అంకెలు వేస్తాడు. ముందు నింపింది ముందు తీయాలి, గొలుసుతో పైకి లాగి, మామూలు నీళ్ళలో ముంచి, వంచితే ఐసు దిమ్మ జారి బయటికొస్తుంది. డబ్బాను ఎవరు ఖాళీ చేయిస్తే వాళ్ళే వెంటనే మళ్ళీ నింపాలి. ఇది అక్కడి కట్టుబాటు. పాత మేస్త్రీ నెల రోజులు పక్కన నిలబడి పెంచలయ్యకు ఒక్కో మెట్టూ నేర్పాడట. ఆ వరస అప్పటినుంచీ అతను తప్పలేదు.

కొత్త ఓనరు పేరు ప్రభాకర్. మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు, కూల్‌డ్రింకులు తెప్పించాడు. "చూపించండి మేడం. నాకేం వీడి మింద కోపమా? బోటోళ్ళు వచ్చి మింద నిలబడతారు. అప్పుడు ఏది చెప్తే అది చెయ్యాల. వీడు కదలడు. యాపారం ఎట్ట జరగాల చెప్పండి?" అన్నాడు.

ఆఫీసు గదిలో అందరినీ కూర్చోబెట్టి, తలుపు మూసి సినిమా వేశాను. మొదట్లోనే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, 'అతను మాట్లాడడు'. రమణమ్మ ఆ అక్షరాల వైపు చూసి నా వైపు చూసింది. నేను గమనించనట్టు ఉన్నాను. ఏడో నిమిషంలో నాకు ప్రాణమైన షాటు వచ్చింది. తలుపులోంచి పొద్దుటి ఎండ పడుతుంటే పెంచలయ్య డబ్బా వంచుతాడు. దిమ్మ సగం జారి పగులుతుంది, లోపలి నీళ్ళు భళ్ళున ఒలికిపోతాయి. దాన్ని నేను నెమ్మదిగా సాగదీసి, వయొలిన్ పెట్టి, నా గొంతుతోనే 'ఎన్ని కలలు ఇలా పగిలాయో' అని చెప్పాను. హైదరాబాదులో ఈ చోట ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది.

ప్రభాకర్ ఏడవలేదు. లేచి నిలబడ్డాడు. "ఆపండి మేడం. అది గడ్డ కట్టని డబ్బా గదా! లోపలంతా నీళ్ళే. కట్టిందో లేదో కూడా తెలీదా వీడికి?" అని రమణమ్మ వైపు తిరిగాడు. "చెప్పిన పని చెయ్యడనే అనుకున్నా ఇన్నాళ్ళూ. పనే రాదని ఇప్పుడు తెలిసింది. మేడం, మంచి సినిమా తీసినారు. నాకు అనుమానం తీరిపోయింది."

పెంచలయ్య నేల వైపు చూస్తూ, "నలభై రెండు" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "నలభై రెండు. అది రేపటిది."

నిజం ఒప్పుకుంటాను. రెండు క్షణాలు నాలో దొంగబుద్ధి పుట్టింది. మిషను చెడిందనో, కరెంటు పోయిందనో చెబితే సరిపోతుంది కదా అనిపించింది. ఇంతలో ఖాదర్ నన్నే చూస్తున్నాడని గమనించాను. కారం దోశ పూర్తిగా తిన్న మనిషి ముందు పిరికితనం చూపించలేకపోయాను.

"ప్రభాకర్ గారూ, అది అతని తప్పు కాదు. నేనే తీయించాను" అన్నాను. "వెలుతురు బాగుందని తలుపు దగ్గర డబ్బా అడిగాను."

"మీరు వాణ్ణి కాపాడేదానికి అంటుండారు."

కారులో నా హార్డ్‌డిస్కు ఉంది. ఆ రోజు తీసిన ముడి రికార్డింగంతా అందులోనే. ఖాదర్ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి తెచ్చాడు. చిట్టమూరులో పరువు తీసిన స్పీకరునే తగిలించి, వయొలిన్ లేని అసలు ముక్క వినిపించాను.

ముందు నా గొంతు, బెల్లం పూసినట్టు. 'పెంచల్, ఆ తలుపు దగ్గరది తీయవా నాన్నా?'

'అది రేపటిది.'

'ఒక్కటే నాన్నా.'

'అది రేపటిది.'

'సినిమా కోసం.'

'రేపటిది. ఇయ్యాల తియ్యకూడదు.'

ఇక్కడ నా గొంతులో బెల్లం అయిపోయింది. 'అబ్బా, తీయమంటే తీయవేంటి పెంచల్! వెలుతురు పోతోంది!' తర్వాత గొలుసు చప్పుడు. దిమ్మ పగలడం. నీళ్ళు. చివర్న చాలా మెల్లగా అతని గొంతు. 'చెప్పినా గదా.'

నేను ఎడిటింగులో ఆ మాటలన్నీ ఒక్కొక్కటిగా కోసి పారేసి, ముందు 'అతను మాట్లాడడు' అని అక్షరాలు వేశాను. ఆ పని చేస్తున్నప్పుడు కాఫీ తాగుతూ ఉన్నానని కూడా గుర్తుంది.

రమణమ్మే ముందు తేరుకుంది. "మా తమ్ముడు దినానికి నాలుగు మాటలాడితే ఎక్కువక్కా. ఆ నాలుగూ నీతోనే ఆడినాడు. అన్నీ తీసేసినావా?" ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. నాకు చాలా సిగ్గేసింది, చాలా బాధేసింది. ఆమెకు అదే చెప్పాను.

ప్రభాకర్ కుర్చీలో కూర్చుని చాలాసేపు బొటనవేలితో గడ్డం గోక్కున్నాడు. "పోయిన నెల నేనూ ఇట్నే అడిగినా. బోటోళ్ళు తొందరపెడితే ముందరి వరస తియ్యమన్నా. ఇదే మాట. రేపటిదన్నాడు. పొగరనుకున్నా. ఇంకొకడితో తీపిచ్చి ఇచ్చినా. ఆ ఐసు సముద్రంలో సగం దారికే నీళ్ళయిపోయిందంట. ఆ బోటోళ్ళు మళ్ళా నా గేటు తొక్కలా." తన్నూ నన్నూ వేలితో చూపించాడు. "నేను ఓనర్ని, మీరు సినిమా మేడం. ఇద్దరికీ ఒకే మాట చెప్పినాడు. ఇనింది ఎవురు?"

తర్వాత రమణమ్మ వైపు తిరిగాడు. "మీ తమ్ముడు ఉంటాడమ్మా. వరస వాడి చేతిలోనే. పని మార్చాలంటే ముందు దినమే చెప్తాం. ఆ చొక్కా మార్పియ్యి ముందు, మెడంతా ఎర్రంగా అయింది."

రమణమ్మ అప్పుడు ఏడ్చింది. ఏ వాయిద్యమూ లేకుండానే.

మరునాడు

ఇదంతా అయ్యేసరికి ఆ రోజు సాయంత్రం నాలుగైంది. ఇక బయల్దేరదామనుకుంటుంటే పెంచలయ్య పాత చొక్కా వేసుకుని, తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. నా చేతికి నీళ్ళ పైపు ఇచ్చాడు. నా మొహం వైపు చూడలేదు, నా చెప్పుల వైపు చూస్తూ అన్నాడు. "ఆ పొద్దు నువ్వు నింపలా."

నలభై రెండో డబ్బాను అప్పుడే దాని వంతులో ఖాళీ చేసి పెట్టాడు. ఎప్పుడో నేను ఖాళీ చేయించి, నింపకుండా కెమెరా సర్దుకుని పోయిన లెక్క అతని దగ్గర అలాగే ఉంది. చీర కుచ్చిళ్ళు దోపుకుని నింపాను. సగం నీళ్ళు నా కాళ్ళ మీదే పోశాను. ఖాదర్ ఫోనులో వీడియో తీశాడు. అతను ఇప్పటికీ నవ్వుతున్నది ఆ వీడియో చూసే. నిండాక పెంచలయ్య మూత వేసి, సుద్దతో అంకె దిద్దాడు.

"ఇది ఎప్పుడు కడుతుంది?" అన్నాను.

"రేపు."

ఖాదర్ నా వైపు చూశాడు. నేను కారులోంచి బ్యాగు దించమన్నాను. ఆ రాత్రి రమణమ్మ ఇంట్లోనే పడుకున్నాం. ఆమె చేపల పులుసు కాచి, మూత పెట్టి, మాకు చారు పోసింది. ఈసారి నేనేమీ అడగలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆ పులుసు తిన్నాను. ముక్కకు పులుపు పట్టడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఆ మర్నాడే పొద్దున తలుపులోంచి బ్రహ్మాండమైన ఎండ వచ్చింది, తొట్టి మీద పొగమంచు బంగారంలా లేచింది. కెమెరా సంచి నా భుజానే ఉంది. జిప్పు మీదకు చెయ్యి వెళ్ళింది. వెనక్కి తీసుకుని, సంచి ఖాదర్‌కు ఇచ్చేసి, పడవల వైపు వెళ్ళి కూర్చున్నాను.

నలభై రెండు వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. ఎండ ఎప్పుడో పోయింది. షెడ్డులో ఉన్నది ఒక్క బల్బు, దానికీ బూజు. పెంచలయ్య నలభై ఒకటి తీశాడు, నింపాడు, మూత వేశాడు. నలభై రెండు మీద మూత తీసి, లోపలికి వేలితో తట్టి చూసి, గొలుసు తగిలించాడు. లాగబోయి ఆగాడు. నా చెప్పుల వైపు తిరిగాడు.

"కెమెరా మేడం" అన్నాడు. "ఇప్పుడు పెట్టు కెమెరా."